కడలి యడుగున కాపురములు

ఎంకపల్లిలో కాపురముండు సోదరికి సముద్రము దూరపుమాటగ తోచవచ్చును. కాని మొయినాబాదు, చేవెళ్ల సీమలలో కురిసిన వాన మూసీ, ఈసా నదులలో చేరి, 1920లో పూర్తియైన ఉస్మాన్ సాగరమును, 1927లో పూర్తియైన హిమాయత్ సాగరమును నింపుచున్నది. మిగిలిన నీరు మూసీవెంట పోయి, వాడపల్లి కడ కృష్ణలో కలిసి, హంసలదీవి యొద్ద కడలిని చేరును. మన పెరటినుండి వెడలిన నీటికిని తుదిమజిలీ యదియే. ఆ కడలి యడుగున నెవరు కాపురముందురో మనము తెలిసికొందము.

నీరు సరిపడనిచో చేప వేరొకచోటికి ఈదిపోగలదు. అడుగున నుండు గుల్లలకును, బురదలో బొరియలు చేసికొను పురుగులకును అట్టి వీలు లేదు. కావుననే నీటి మంచిచెడ్డలకు అవి నమ్మదగిన సాక్షులు. అలలు బలముగ కొట్టుచోట ఇసుక నిలుచును. దాని సందులలో ప్రాణవాయువు ఆడును. నీరు నెమ్మదించినచోట మెత్తని యొండ్రు పేరుకొనును; అందు ఆకులలములు కుళ్లి యాహారము సమృద్ధిగ నుండును గాని, ఊపిరికి ఇరుకు. ఏ ప్రాణి కెట్టి యిల్లు సరిపడునో యది యచ్చటనే నిలుచును.

కాకినాడ యఖాతమును చూడుడు. హోప్ దీవి యను ఇసుకతిన్నె అలల కడ్డముగ నుండుటచే నచ్చటి నీరు ప్రశాంతము. గోదావరి యొండ్రును, కోరింగ మడ అడవుల యాకులును అందు దిగును. ఆ బురదలో బుడితగుల్లలు పెరుగును. వాని చిప్పలను కాల్చి సున్నము చేయుటయు కలదు. వరదనీరు వచ్చి ఉప్పదనము తగ్గినపుడు గుల్ల తన తలుపులు మూసికొని కొంతకాలము తాళును. తాళలేని ప్రాణులు నశించును. ఉప్పు మరల హెచ్చినపుడు క్రొత్తసంతతి వచ్చి చేరును. ఇది ప్రకృతి చేయు మార్పు.

మనుష్యుడు చేయు మార్పు విశాఖపట్టణమున కానవచ్చినది. అచ్చటి ఓడరేవు 1933లో తెరువబడెను. తరువాతి కాలమున పట్టణపు మురుగును, కార్ఖానాల వ్యర్థములును లోపలి రేవున చేరెను. ఆంధ్ర విశ్వవిద్యాలయపు జంతుశాస్త్రజ్ఞులు అడుగుబురదను తీసి పరీక్షింపగా, మురుగు మిక్కుటమైనచోట పెక్కుజాతులు మాయమై, కాపిటెల్లా యను సన్నని పురుగులు గుంపులు గుంపులుగ కానవచ్చెను. కావున ప్రాణులు లెక్కకు పెక్కుండినంతమాత్రమున నీరు మంచిదని తలపరాదు. పలుజాతులు కలిసి బ్రతుకుటయే నీటికి ఆరోగ్యము.

సోదరీమణులారా, వాడిన నూనెను, మిగిలిన మందులను, రంగునీళ్లను తూములో పోయుటకు ముందు ఆ బురద యిండ్లను ఒకమారు తలచుకొందము. వారికి లేచిపోవుటకు వేరొక యూరు లేదు.