చెపాక్ దగ్గర, ఉప్పల్ దూరం

ఆంధ్ర సరిహద్దు ఊరు తడ నుంచి చెన్నై చెపాక్ స్టేడియానికి ఎనభై కిలోమీటర్లు, కాస్త అటూ ఇటూ. హైదరాబాద్ ఉప్పల్ స్టేడియానికి ఐదు వందలకు పైమాటే. ఐపీఎల్ నడిచే రెండు నెలలూ ఇక్కడ చెన్నై సూపర్ కింగ్స్ పసుపు జెర్సీలు ఎందుకు అన్ని కనిపిస్తాయో అర్థం చేసుకోవడానికి ముందు ఈ రెండు దూరాలు చూడాలి. తెలుగు మాట్లాడే ఊరు, తెలుగు హీరోల కటౌట్లకు పాలాభిషేకం చేసే ఊరు, క్రికెట్‌కొచ్చేసరికి పక్క రాష్ట్రం జట్టుకు విజిల్ వేస్తుంది. హైదరాబాద్‌లో కూర్చున్నవాళ్లకు ఇది సొంతింటికి ద్రోహంలా తోచొచ్చు. తడవాళ్లకు ఇందులో వింతేమీ లేదు.

ఎందుకంటే వాళ్లకు నగరం అంటే చెన్నైయే. పెద్దాసుపత్రికీ, పెళ్లి పట్టుచీరలకీ, కాలేజీకీ, విమానానికీ అటే వెళ్తారు. చెన్నై లోకల్ రైలు గుమ్మిడిపూండి దగ్గర ఆగిపోకుండా సరిహద్దు దాటి, తడ మీదుగా సూళ్లూరుపేట దాకా వస్తుంది. సెంట్రల్‌లో దిగి రోడ్డు దాటితే పార్క్‌టౌన్ స్టేషన్, అక్కడ ఇంకో రైలెక్కితే రెండో స్టేషన్ చెపాక్. స్టేడియం పక్కనే.

ఈ సరిహద్దు గీత కూడా మరీ పాతదేం కాదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా నెల్లూరు, చిత్తూరు జిల్లాలు మద్రాసు రాష్ట్రంలోనివే. ఆ తర్వాతా సర్దుబాట్లు ఆగలేదు. 1960 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లాలోని తిరుత్తణి అటు వెళ్లింది, బదులుగా చెంగల్పట్టు, సేలం జిల్లాల నుంచి కొన్ని ఊళ్లు ఇటు వచ్చాయి. 2022 ఏప్రిల్‌లో తడ నెల్లూరు జిల్లా నుంచి కొత్త తిరుపతి జిల్లాలోకి మారింది. పటం మారినప్పుడల్లా ఆఫీసుల బోర్డులు మారాయి గానీ, జనం రాకపోకలు పాత దారుల్లోనే సాగాయి.

పైగా తెలుగువాళ్ల జట్టే నిలకడగా లేదు. 2008లో దక్కన్ చార్జర్స్ వచ్చింది. 2009లో గిల్‌క్రిస్ట్ సారథ్యంలో దక్షిణాఫ్రికాలో కప్పు గెలిచింది. మరుసటి ఏడాది తెలంగాణ ఉద్యమం వేడిలో సొంతగడ్డ మ్యాచ్‌లు నాగ్‌పూర్‌కీ, కటక్‌కీ, నవీ ముంబైకీ తరలిపోయాయి. 2012తో ఆ జట్టు కథే ముగిసింది. 2013లో సన్‌రైజర్స్ కొత్త పేరుతో, కొత్త రంగుతో వచ్చింది. చెన్నై జట్టుకూ రెండేళ్ల నిషేధం తప్పలేదు. కానీ తిరిగొచ్చినప్పుడు పేరు అదే, రంగు అదే, కెప్టెన్ ధోనీయే. 2008లో పదేళ్లున్న పిల్లాడికి పెద్దయ్యేదాకా మారకుండా మిగిలిన జట్టు ఏదో వేరే చెప్పాలా?

యాజమాన్యాల సంగతి చూస్తే ప్రాంతాభిమానం ఇంకా తికమకపడుతుంది. హైదరాబాద్ పేరు పెట్టుకున్న సన్‌రైజర్స్ చెన్నైకి చెందిన సన్ గ్రూపుది. చెన్నై సూపర్ కింగ్స్‌ను 2008లో కొన్న ఇండియా సిమెంట్స్‌కు కడప జిల్లా చిలమకూరులో, ఎర్రగుంట్లలో ఫ్యాక్టరీలున్నాయి. ఆ లెక్కన పసుపు జెర్సీలో మన సీమ సున్నపురాయి వాటా కూడా కొంత ఉందనుకోవచ్చు. 2023లో ఐదో కప్పు గెలిచాక ఆ ట్రోఫీని తీసుకెళ్లి చెన్నై టి.నగర్‌లో ఉన్న టీటీడీ వారి వెంకన్న సన్నిధిలోనే పెట్టారు.

2018లో జరిగింది ఇంకా తమాషా. కావేరీ ఆందోళనల వల్ల ఆ ఏడాది చెన్నై సొంత మ్యాచ్‌లు చాలావరకు పుణెకు మార్చారు. వెయ్యి మంది దాకా అభిమానులను చెన్నై నుంచి ప్రత్యేక రైల్లో పుణె పంపించారు. ఆ రైలుకు పెట్టిన పేరు విజిల్‌పోడు ఎక్స్‌ప్రెస్. చెన్నై నుంచి పుణె వెళ్లే మామూలు రైలు దారి రేణిగుంట, కడప, గుంతకల్లు మీదుగా సాగుతుంది. అంటే చెన్నైకీ పుణెకూ మధ్య చాలా దూరం రాయలసీమే. అదే పుణెలో మే 13న గుంటూరులో పుట్టి హైదరాబాద్ క్రికెట్లో పెరిగిన అంబటి రాయుడు పసుపు జెర్సీలో సెంచరీ కొట్టాడు. 62 బంతుల్లో వంద, నాటౌట్. ఎదుటి జట్టు సన్‌రైజర్స్ హైదరాబాద్! ఆ రోజు సూళ్లూరుపేట టీ కొట్టు దగ్గర ఎవరు ఎవరి పక్షమని నిలదీస్తే జవాబు చెప్పడం కష్టమే.

అంతా దూరాన్ని బట్టే ఉంటుందనుకుంటే విశాఖ లెక్క తప్పిస్తుంది. చెన్నై అక్కడికి దగ్గరేం కాదు. అయినా 2024 మార్చి 31న ఢిల్లీ జట్టు తన సొంత మ్యాచ్ విశాఖలో ఆడుతుంటే స్టాండ్లు పసుపు రంగుతో నిండిపోయాయి. ఢిల్లీ 20 పరుగులతో గెలిచింది. జనం మాత్రం ధోని 16 బంతుల్లో చేసిన 37 పరుగులకే ఊగిపోయారు. ధోని తొలి వన్డే సెంచరీ, పాకిస్థాన్ మీద 148, 2005 ఏప్రిల్ 5న ఆ ఊళ్లోనే చేశాడు మరి. తడది దారి కట్టబెట్టిన అభిమానం, విశాఖది మనిషి మీద పెరిగింది.

క్రికెట్‌కు జనం తడ నుంచి దక్షిణానికి పోతే, సినిమాకు చెన్నై నుంచి ఉత్తరానికి వస్తారు. 2019లో సూళ్లూరుపేట దగ్గర హైవే పక్కన 106 అడుగుల వెడల్పు తెరతో థియేటర్ తెరిచాక చెన్నై కుర్రాళ్లు కార్లేసుకుని రావడం మామూలైంది. 2023లో తమిళనాట తెల్లవారుజాము ఆటలు ఆగిపోయాక ఇంకో కారణం కలిసొచ్చింది. తమ హీరో సినిమాను తమ ఊరివాళ్లకన్నా ముందు చూడాలంటే సరిహద్దు దాటాల్సిందే.

ఇదే సూళ్లూరుపేట నుంచి పులికాట్ సరస్సు మధ్యగా వేసిన రోడ్డు మీద తూర్పుకు వెళ్తే శ్రీహరికోట. అదొక దీవి అన్న సంగతి చాలామందికి గుర్తుండదు. తడ మండలంలోనే ఉన్న ఇరకం దీవికి భీమునివారిపాళెం నుంచి పడవెక్కాలి. శ్రీహరికోటకైతే బస్సే వెళ్తుంది. 2019లో అక్కడ రాకెట్ ప్రయోగాలు చూడ్డానికి ఐదువేల మంది పట్టే గ్యాలరీ కట్టారు. మెట్లమెట్లుగా కుర్చీలు, పెద్ద తెరలు, చేతుల్లో జెండాలు, కౌంట్‌డౌన్‌తో పాటు జనం కేకలు. ఇక్కడ మాత్రం రెండు జట్లు లేవు కాబట్టి ఎవరూ ఎవరినీ గేలి చేయరు.

ప్రయోగం ఉన్న రోజున బంగాళాఖాతం మీద కొంత మేర గగనతలాన్ని మూసేస్తామని పైలట్లకు ముందుగానే నోటీసు ఇస్తారు. చెన్నై నుంచి అండమాన్‌కు విమానాలు వెళ్లేదీ ఆ సముద్రం మీదుగానే. ఇస్రోకు రాకెట్ జాడ కనిపెట్టే కేంద్రం అండమాన్‌లోనూ ఉంది.

చెన్నై దారే దిక్కైన తెలుగువాళ్లు అక్కడా ఉన్నారు. 2024లో శ్రీవిజయపురంగా పేరు మారిన పోర్ట్‌బ్లెయిర్‌లో, చుట్టుపక్కల దీవుల్లో తెలుగువాళ్లు తక్కువేం కాదు. 2011 జనగణనలో అండమాన్ నికోబార్ జనాభా 3.8 లక్షలైతే, తెలుగు మాతృభాషగా చెప్పినవాళ్లు 50 వేల పైచిలుకు. బెంగాలీ, హిందీ, తమిళం తర్వాత తెలుగే. వీళ్లలో ఎక్కువమంది మూలాలు శ్రీకాకుళం వైపువి. గాలిలో గీత గీస్తే పోర్ట్‌బ్లెయిర్‌కు విశాఖ సుమారు 1,200 కిలోమీటర్లు, చెన్నై 1,360. విశాఖే దగ్గర. కానీ విశాఖ నుంచి నేరుగా వచ్చే విమానాలు కొన్నాళ్లు నడిచి కొన్నాళ్లు ఆగిపోతుంటాయి, చెన్నై విమానాలు రోజూ ఉంటాయి. ఓడెక్కితే రెండు రోజులకు పైనే పడుతుంది, విమానంలో రెండు గంటల పైచిలుకు. అందుకే సిక్కోలు బంధువుల పెళ్లికి వెళ్లాలన్నా చాలామంది ముందు చెన్నైలో దిగాల్సి వస్తుంది.

అండమాన్‌కు రంజీ జట్టు లేదు. పక్కింటి బెంగాలీ కుర్రాడు కోల్‌కతా అంటాడు, వెనకింటి తమిళ కుర్రాడు చెన్నై అంటాడు, మధ్యలో తెలుగు పిల్లాడు ఏమంటాడో ఇంటింటికీ మారుతుంది. క్రికెట్ ఒక్కటే అక్కడి పిచ్చి కూడా కాదు. నికోబార్ నుంచి జాతీయ స్థాయికి ఎదిగిన సైక్లిస్టు పేరు డేవిడ్ బెక్హామ్ ఎల్కాటోచూంగో. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ ఆటగాడి పేరే అతనికి పెట్టారు.

ఆ దీవి అభిమాని చెపాక్‌లో రాత్రి మ్యాచ్ చూడాలంటే టికెట్టు ఒక్కటే సరిపోదు. పోర్ట్‌బ్లెయిర్ రన్‌వే నౌకాదళానిది, చాలాకాలం అక్కడికి పగటి విమానాలే నడిచాయి. ఆట ముగిసేసరికి పదకొండున్నర. తడవాడి తిప్పలు తడవాడివి. ఆ వేళకు లోకల్ రైలు మీద ఆశ పెట్టుకోలేడు, ఆంధ్ర బస్సులు చాలావరకు 2018 నుంచి మాధవరం స్టాండ్‌కు మారాయి. ఈమధ్య కొన్ని సీజన్లలో మ్యాచ్ టికెట్టు చూపిస్తే మెట్రో ప్రయాణం ఉచితం చేశారు. దగ్గరి స్టేషన్ గవర్నమెంట్ ఎస్టేట్. ఒకే ప్లాట్‌ఫారం మీద పసుపు జెర్సీలే అన్నీ. ఉత్తరం వైపు రైలెక్కితే తర్వాతి స్టేషన్ సెంట్రల్, దక్షిణం వైపు రైలెక్కితే చివరి స్టేషన్ విమానాశ్రయం.