మందార మొక్క: సాధారణ సమస్యలు, నివారణ

మందార మాల్వేసి కుటుంబానికి చెందిన పూలమొక్క. దీని శాస్త్రీయ నామం హైబిస్కస్ రోజా-సైనెన్సిస్. బెండ, ప్రత్తి, గోగు కూడా ఈ కుటుంబానికి చెందినవే కావున వాటిని ఆశించే పురుగులలో చాలావరకు మందారను కూడా ఆశిస్తాయి. అయితే మందార ఇంటి పెరట్లో పెరిగే మొక్క. దీని పూలను దేవతార్చనకు, తలనూనె కాచడానికి వాడతారు. అందువలన పొలంలో పైరుకు చల్లినట్లు దీనికి ఘాటైన పురుగుమందులు చల్లడం, కుండీలో విషపు గుళికలు వేయడం తగదు. సమస్య ఏదో ముందుగా గుర్తిస్తే చాలా సందర్భాలలో మందు అవసరమే ఉండదు.

ఋతువును బట్టి గుర్తించడం

గూడూరు 2022 ఏప్రిల్ 4న నెల్లూరు జిల్లా నుండి, కొత్తగా ఏర్పడిన తిరుపతి జిల్లాలో చేరింది. ఈ ప్రాంతంలో వర్షం అధికభాగం అక్టోబరు, డిసెంబరు నెలల మధ్య ఈశాన్య ఋతుపవనాల వలన కురుస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో ఎండ తీవ్రంగా ఉంటుంది. కావున ఇక్కడ నవంబరులో వాడిన మందారకూ, మే నెలలో వాడిన మందారకూ కారణం ఒకటి కాదు. వానల్లో నేల తడిగా ఉండి కూడా మొక్క తలవాల్చితే నీరు నిలిచి వేరు కుళ్ళుతున్నదని అర్థం. అటువంటప్పుడు నీరు పోయడం మాని, కుండీ అడుగు రంధ్రం తెరచి, నల్లబడి మెత్తనైన వేళ్ళను కత్తిరించి, ఇసుక కలిపిన కొత్త మట్టిలో నాటాలి. వాడినది కదా అని మరింత నీరు పోయడం వలననే ఎక్కువ మొక్కలు చనిపోతాయి.

ఆకులు పసుపుబారడం

ఏ ఆకు ముందు పసుపుబారిందో చూడాలి. అడుగున ఉన్న ముదురు ఆకులు మొత్తంగా పాలిపోతే నత్రజని లోపం కావచ్చు. ఒకటి రెండు ఆకులు మాత్రమే అయితే అది సహజంగా ఆకు రాలడమే. లేత ఆకులు పసుపుబారి ఈనెలు మాత్రం పచ్చగా మిగిలితే అది ఇనుప ధాతు లోపం. సున్నం ఎక్కువైన నేలలో ఇనుము ఉన్నప్పటికీ వేరుకు అందదు. ఇంటి గోడ పక్కన, సున్నం, సిమెంటు పెళ్ళలు కలిసిన మట్టిలో నాటిన మందారకు ఈ లోపం వస్తుంటుంది. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి ఆకులపై సాయంత్రం పూట పిచికారీ చేయాలి. నిమ్మ తోటలకు పేరుపొందిన గూడూరు ప్రాంత రైతులకు ఇది కొత్త విషయం కాదు.

వేసవిలో ఆకుపై సన్నని తెల్లచుక్కలు, అడుగున సాలెగూడు వంటి దారాలు కనిపిస్తే అది ఎర్రనల్లి. ఆకుల అడుగుభాగం తడిసేలా నీటిని వేగంగా చిమ్మితే చాలావరకు తగ్గుతుంది. తగ్గనిచో లీటరు నీటికి 3 గ్రాముల నీటిలో కరిగే గంధకం చల్లవచ్చు, కాని మండుటెండలో చల్లితే ఆకులు మాడతాయి.

పిండినల్లి

మందారకు అన్నిటికన్నా ఎక్కువ నష్టం కలిగించేది ఇదే. కొమ్మల చివర, మొగ్గల తొడిమల వద్ద తెల్లని దూదివలె చేరి రసం పీలుస్తుంది. గులాబీ రంగు పిండినల్లి రసం పీల్చేటప్పుడు విడిచే లాలాజలం వలన చిగురు ముడుచుకొని గుత్తిగా మారుతుంది, మొగ్గ విచ్చుకోదు. ఈ పురుగు 1994లో గ్రెనడాలో కనిపించి కరిబియన్ దీవులలో వ్యాపించింది. పసుపుపచ్చని శరీరం గల బొప్పాయి పిండినల్లి 2008లో కోయంబత్తూరులో బయటపడి బొప్పాయి, మల్బరీ, కర్రపెండలంతో పాటు మందారను కూడా పాడుచేసింది. 2010లో ప్యూర్టోరికో నుండి అసిరోఫాగస్ పపాయే అనే చిన్న పరాన్నజీవి కందిరీగను తెప్పించి విడిచిన తరువాత దాని ఉధృతి తగ్గింది. పిండినల్లి ఉన్న పెరటి మందార పక్క తోటలకు కూడా ముప్పు కావడానికి కారణం ఇదే.

పురుగు విసర్జించే తీపి జిగురు కోసం చీమలు వస్తాయి. అవి పిండినల్లిని తినే పురుగులను తరిమివేస్తాయి. ఆ జిగురుపై నల్లని మసి తెగులు పెరుగుతుంది. కావున చీమల బారును ఆపకుండా చేసిన వైద్యం నిలవదు. పురుగు పట్టిన కొమ్మలను కత్తిరించి కాల్చివేసి, లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కొద్దిగా సబ్బు కలిపి వారానికొకసారి మూడు నాలుగు సార్లు చల్లాలి.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. 1898లో ఆస్ట్రేలియా నుండి భారతదేశానికి తెచ్చిన క్రిప్టోలీమస్ అనే అక్షింతల పురుగు పిండినల్లిని తింటుంది. దాని పిల్లపురుగు కూడా ఒంటినిండా తెల్లని మైనపు పోగులతో పిండినల్లి వలెనే కనిపిస్తుంది. పిండినల్లి సుమారు 3 మి.మీ. మాత్రమే ఉంటుంది. ఈ పిల్లపురుగు 1 సెం.మీ. దాటి పెరిగి చురుకుగా నడుస్తుంది. దీనిని చంపరాదు, ఇది ఉన్నచోట వేపనూనె కూడా చల్లరాదు.

మొగ్గలు రాలడం

రాలిన మొగ్గను చీల్చి, తెల్లకాగితంపై తట్టి చూడాలి. సన్నని పురుగులు పాకితే తామరపురుగులు ఆశించినట్లు. వేపనూనె పనిచేస్తుంది. ఏమీ లేకపోతే ఎండ తాకిడి, నీటి ఎద్దడి లేక కుండీని చోటు మార్చడం కారణం కావచ్చు. ఆకులు దట్టంగా ఉండి అసలు మొగ్గలే వేయనిచో నీడ గాని, నత్రజని ఎరువు ఎక్కువ కావడం గాని కారణం.

ఆకు ముడుత

పిండినల్లి లేకుండానే ఆకులు ముడుచుకొని ఈనెలు దళసరి అయితే తెల్లదోమ ద్వారా వ్యాపించే వైరసు కావచ్చు. దీనికి మందు లేదు. అటువంటి మొక్కను పీకివేయాలి. దాని కొమ్మలు నాటితే కొత్త మొక్కకూ తెగులు వస్తుంది.