గృహమున పొదుపు – వాహనమున పొదుపు

ఉర్దూలో కిఫాయత్ అన్నను, తెలుగులో పొదుపు అన్నను భావమొక్కటియే. చేతనున్న ధనమును అవసరమునకు తగినంత, తగిన సమయమున వినియోగించుటయే పొదుపు. అవసరమునకు సైతము ఖర్చు చేయనివాని గుణమును తెలుగులో పిసినారితనమనియు, ఉర్దూలో కంజూసీ యనియు అందురు. ఈ రెంటికి గల భేదమును గుర్తించినవారే పొదుపును సరిగా ఆచరింపగలరు. దుప్పటి ఉన్నంతవరకే కాళ్ళు చాపుకొనవలెనను సామెత ఈ రెండు భాషలలోను కలదు.

మన భానూరు ప్రాంతమునకు ఈ విషయము మిక్కిలి ముఖ్యమైనది. పటాన్‌చెరు వైపున 1972లో ఇక్రిశాట్ నెలకొన్నది. 1970లో స్థాపింపబడిన భారత్ డైనమిక్స్ సంస్థకు భానూరులో ఒక కర్మాగారము కలదు. రామచంద్రాపురమున భెల్ కలదు. వీని చుట్టును, 2016లో ఏర్పడిన సంగారెడ్డి జిల్లా అంతటను, ఎన్నో చిన్న పెద్ద పరిశ్రమలు విస్తరించినవి. తరతరములుగా పంట చేతికి వచ్చినప్పుడు మాత్రమే డబ్బు చూచిన కుటుంబములకు నెల జీతము లభించినది. కాని నెల జీతముతో పాటు నెల బిల్లులు, నెల వాయిదాలు కూడ వచ్చినవి. కాంట్రాక్టు పనివానికి ఒక నెల పని తగ్గిననాడు ముందుగా వెనుకబడునది పిల్లల చదువే. కనుక పొదుపు యొక్క లెక్కను విద్యార్థులు తెలిసికొనుట తమ చదువును తాము కాపాడుకొనుటయే యని మేము భావించుచున్నాము.

మొదట విద్యుచ్ఛక్తిని గూర్చి విచారింతము. మన రాష్ట్రమున గృహ విద్యుత్ ధరలు మెట్లవలె ఉండును. 2022 ఏప్రిల్‌లో అమలునకు వచ్చిన పట్టిక ననుసరించి, నెలకు 100 యూనిట్లలోపు వాడిన ఇంటికి మొదటి 50 యూనిట్లకు యూనిట్ ఒక్కింటికి 1 రూ. 95 పైసలు, తరువాతి 50 యూనిట్లకు 3 రూ. 10 పైసలు. వాడకము 101 నుండి 200 వరకు ఉన్నచో మొదటి నూటికి 3 రూ. 40 పైసలు, రెండవ నూటికి 4 రూ. 80 పైసలు. 200 దాటినచో మొదటి 200 యూనిట్లకును 5 రూ. 10 పైసల చొప్పున, ఆపై 300 వరకు 7 రూ. 70 పైసల చొప్పున లెక్కింపబడును. స్థిర రుసుములు వీనికి అదనము.

ఈ పట్టికలోని కిటుకును గమనింపుడు. సరిగా 200 యూనిట్లు వాడిన ఇంటికి విద్యుత్ మూల్యము 820 రూపాయలు. 201 యూనిట్లు వాడిన ఇంటికి 1,027 రూ. 70 పైసలు. అనగా ఆ ఒక్క యూనిట్ ఖరీదు 207 రూ. 70 పైసలు! అట్లే 100 యూనిట్లకు 252 రూ. 50 పైసలు కాగా, 101 యూనిట్లకు 344 రూ. 80 పైసలగును. 2024 మార్చిలో ప్రారంభమైన గృహజ్యోతి పథకమున సైతము 200 యూనిట్లు దాటిన నెలలో పూర్తి బిల్లు చెల్లింపవలసి యుండును. కావున మెట్టు అంచున నిలిచిన కుటుంబము కొద్దిపాటి వాడకమును తగ్గించుకొన్నను చాల లాభము పొందును.

ఆ తగ్గింపు ఎట్లు? 75 వాట్ల పాత పంకా దినమునకు 12 గంటలు తిరిగినచో నెలకు 27 యూనిట్లగును. 30 వాట్ల క్రొత్త రకము (బి.ఎల్.డి.సి.) పంకా అంతే కాలము తిరిగినను 11 యూనిట్లు మించదు. నెలకు 220 యూనిట్లు వాడు ఇంటి బిల్లు 1,174 రూపాయలు. ఒక పంకాను మార్చినచో వాడకము 204 వద్దనే నిలుచును, మెట్టు దిగదు. రెండింటిని మార్చినచో 188కి దిగి బిల్లు సుమారు 760 రూపాయలగును. నెలకు నాలుగు వందల పైచిలుకు ఆదా! ఎండకాలమున ఈ ఆదా పూర్తిగా కనిపించును. చలికాలమున పంకాలు తక్కువ తిరుగును గనుక అంత ఉండదు. 60 వాట్ల పాత బల్బు దినమునకు 5 గంటలు వెలిగినచో నెలకు 9 యూనిట్లు కాగా, దాని స్థానమున 9 వాట్ల ఎల్.ఇ.డి. బల్బునకు ఒకటిన్నర యూనిట్ కూడ కాదు. శీతల యంత్రము, ఫ్రిజ్ కొనునప్పుడు దానిపై గల నక్షత్రముల చీటీని చూచుట మరువరాదు.

వంటగదిలో పప్పును ముందుగా నానబెట్టుట, గిన్నెపై మూత ఉంచుట, నీరు మరిగిన వెంటనే మంటను తగ్గించుట – ఇవి ఖర్చులేని ఉపాయములు. మరిగిన నీరు పెద్ద మంటపై ఉంచినను అంతకు మించి వేడెక్కదు. ఆవిరి మాత్రమే అధికమగును. గృహ గ్యాస్ సిలిండరులో 14.2 కిలోల వాయువు ఉండవలెను. ఖాళీ సిలిండరు బరువు దానిపైననే వ్రాసి యుండును. ఆ రెండు కలిపిన బరువు ఉన్నదో లేదో తూకము వేయించి చూచుకొను హక్కు మనకు కలదు.

కిరాణా ఖాతాను, వాయిదాలను గూర్చి ఒక మాట. అరువు ఖాతాలో సరకు తెచ్చుకొనువాడు ధర అడుగుటకు మొగమాటపడును. నూటికి మూడు రూపాయల వడ్డీ యనగా చిన్నదిగా తోచును. కాని అది ఏడాదికి నూటికి 36 రూపాయలు. దుకాణదారులు చెప్పు వాయిదా వడ్డీలో మరియొక మెలిక కలదు. 60,000 రూపాయల అప్పునకు ఏడాదికి 12 శాతము చొప్పున 7,200 రూపాయల వడ్డీ కలిపి, నెలకు 5,600 చొప్పున 12 వాయిదాలు కట్టుమందురు. ప్రతి నెల అసలు తగ్గుచున్నను వడ్డీ మాత్రము మొత్తము అసలుపైననే వేయబడినది. కావున నిజమైన వడ్డీ 12 శాతము కాదు, సుమారు 21 శాతము! సంతకము చేయుటకు పూర్వము “తగ్గుచున్న అసలుపైననా, మొత్తముపైననా?” అని అడుగుట విద్యావంతుని కర్తవ్యము.

ఇక వాహనము. 1973లో అరబ్బు దేశములు చమురు ఎగుమతులను నియంత్రించినప్పుడు ప్రపంచమున ముడిచమురు ధర కొద్ది నెలలలోనే సుమారు నాలుగు రెట్లైనది. తదనంతరము 1978లో మన దేశమున పెట్రోలియం పొదుపు పరిశోధన సంఘము (పి.సి.ఆర్.ఎ.) ఏర్పడినది. గంటకు 45–55 కిలోమీటర్ల వేగమున నడుపవలెననియు, కూడలుల వద్ద ఇంజనును ఆపవలెననియు అది చేయుచున్న బోధ నేటికిని చెల్లును. వేగము రెట్టింపైనచో గాలి యొక్క ప్రతిఘటన నాలుగు రెట్లగుటయే దీనికి గల కారణము. చక్రములలో గాలి తగ్గుట, క్లచ్‌పై కాలు మోపి నడుపుట, ధూళి పేరుకొనిన గాలి ఫిల్టరు – ఇవియు ఇంధనమును హరించును. పరిశ్రమల ధూళి, లారీల రద్దీ గల మన రహదారులపై ఫిల్టరును తరచుగా శుభ్రపరచవలసి యుండును.

2021 జూన్‌లో హైదరాబాదున పెట్రోలు లీటరు ధర నూరు రూపాయలు దాటినది. దినమునకు 40 కిలోమీటర్ల చొప్పున 25 దినములు మోటారు సైకిలు నడుపువానికి, లీటరుకు 50 కిలోమీటర్లు వచ్చినచో, నెలకు 20 లీటర్లు కావలెను. ఒకే షిఫ్టులో పనిచేయు ఇరువురు ఒకే బండిపై పోయినచో అందు సగము మిగులును. కారు గల నలుగురు వంతులవారీగా కార్లు తీసినచో ఒక్కొక్కరి ఇంధన ఖర్చు నాలుగవ వంతగును. ఆర్టీసీ బస్సులలో విద్యార్థులకు రాయితీ పాసులు కలవు. 2023 డిసెంబరులో స్త్రీలకు ఉచిత ప్రయాణము ప్రారంభమైనది.

వాహన బీమాలో అనేకులు ఎరుగని ఆదా ఒకటి కలదు. ఏడాది పొడవున పరిహారము కోరనివారికి, సొంత వాహన నష్టమునకు కట్టు ప్రీమియములో మరుసటి ఏడు 20 శాతము తగ్గింపు లభించును. ఐదేండ్లు వరుసగా కోరనిచో అది 50 శాతము వరకు పెరుగును. ఈ తగ్గింపు బండికి కాక యజమానికి చెందినది. పాతది అమ్మి క్రొత్తది కొన్నప్పుడు దానికి మార్చుకొనవచ్చును. గడువు ముగిసిన పిదప 90 దినములలోపు బీమాను పునరుద్ధరింపనిచో అది పోవును. కనుక చిన్న గీతకు, చిన్న సొట్టకు పరిహారము కోరుటకు ముందు, వచ్చు సొమ్మెంత, పోవు తగ్గింపెంత అని లెక్క చూచుకొనవలెను.

అయితే కొన్నింట పొదుపు పనికిరాదు. బ్రేకులు, టైర్లు, శిరస్త్రాణము, పిల్లల పాలు, రోగికి ఔషధము – వీనిలో మిగిల్చిన రూపాయి నష్టమునే కలిగించును. అట్టి ఆదా కంజూసీయే.

మిగిలిన సొమ్మును ఏమి చేయవలెను? దానిని వేరుచేయనిచో అది మరొక ఖర్చులో కలిసిపోవును. విద్యుత్తులో 400, పెట్రోలులో 600 మిగిలినచో నెలకు వేయి రూపాయలు, ఏడాదికి 12,000. జీతము వచ్చిన దినముననే దీనిని తపాలా కార్యాలయమునందో, బ్యాంకునందో జమ చేయవలెను. కళాశాల రుసుము కట్టవలసిన దినమున ఆ కుటుంబము వడ్డీ వ్యాపారి గడప ఎక్కనక్కరలేదు.

కళాశాల కమిటీ పెద్దలకు మా మనవి యొకటి. వాణిజ్యశాస్త్ర విద్యార్థులు నెలకొక ఆదివారము పరిసర బస్తీలలో విద్యుత్ బిల్లును, వాయిదా పత్రమును ఇరుభాషలలో చదివి వివరించు ఏర్పాటు చేయవలెను. దీనికి కావలసినవి ఒక బల్ల, రెండు కుర్చీలు, ఒక నోటుపుస్తకము మాత్రమే. విద్యార్థి మిత్రులారా! అంతవరకు వేచియుండక, ఈ రాత్రియే మీ ఇంటి బిల్లును చేతబట్టుకొని, మీరు ఏ మెట్టుపై నిలిచియున్నారో అమ్మానాన్నలకు లెక్కకట్టి చెప్పుడు.