వరద 'లెవెల్ ఆఫ్' అయినదనగా నేమి?

కృష్ణా డెల్టాలోని పంచాయతీ సభ్యులకు వరదల రోజులలో చెవి యంతయు విజయవాడ వైపే యుండును. ఎగువ జలాశయముల గేట్లు ఎత్తిరని తెలిసినది మొదలు ప్రకాశం బ్యారేజీ నీటి లెక్కలు గంట గంటకు వచ్చుచుండును. ఆ లెక్కలతో పాటు ఇంగ్లీషు వార్తలలో తరచు కానవచ్చు మాట 'లెవెల్ ఆఫ్'. మాట చిన్నదే. కాని దీనిని పొరపాటుగా గ్రహించినచో కరకట్ట కాపలాను ఒక రాత్రి ముందుగా విరమించు ప్రమాదము కలదు. కావున దీని యర్థమును, వాడుకను ఇచట వివరింపదలచితిమి.

మాట యర్థము

'లెవెల్' అనగా మట్టము. పొలమును చదును చేయుటకును ఈ మాట వాడుదురు. దానికి 'ఆఫ్' చేరినప్పుడు అర్థము వేరగును. పెరుగుచున్న లేక తరుగుచున్న లెక్క ఏదేని ఒక చోట నిలకడపడుటయే 'లెవెల్ ఆఫ్' అగుట. బియ్యము ధర పెరిగి పెరిగి ఒక చోట ఆగినను, గ్రామములో జ్వరములు తగ్గి తగ్గి ఒక సంఖ్య వద్ద నిలిచినను ఈ మాటయే చెల్లును.

ఒక ఉదాహరణ చూతము. బ్యారేజీ వద్ద ప్రవాహము ఉదయము 6 గంటలకు 4 లక్షల క్యూసెక్కులు, 9 గంటలకు 5 లక్షలు, మధ్యాహ్నము 12 గంటలకు 5.4 లక్షలు, 3 గంటలకు 5.5 లక్షలు, సాయంత్రము 6 గంటలకును 5.5 లక్షలే అనుకొందము. 3 గంటల వేళ 'ఈజ్ లెవెలింగ్ ఆఫ్' అందురు. అనగా వేగము తగ్గినది గాని పెరుగుట ఇంకను మానలేదు. 6 గంటలకు 'హాజ్ లెవెల్డ్ ఆఫ్' అందురు. అనగా పెరుగుట ఆగినది. ఈ రెంటిలో దేనికిని వరద తీసినదని అర్థము కాదు. నిజముగా తీయునప్పుడు 'ఫాలింగ్' అనియో, 'రిసీడింగ్' అనియో వ్రాయుదురు.

నిలకడలోని ప్రమాదము

ప్రకాశం బ్యారేజీ వద్ద 3.97 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరికను, 5.69 లక్షలకు రెండవ దానిని జారీ చేయుదురు. పై ఉదాహరణలో నీరు నిలకడపడినను మొదటి హెచ్చరిక అమలులోనే యున్నదని గమనింపవలెను.

నిండుగా నిలిచిన నీరు గంటల తరబడి కట్టను నానబెట్టును. ఊటలు, బుంగలు పుట్టుట కిదియే అదను. నీరు వేగముగా తీసినప్పుడును నానిన మట్టి జారవచ్చును. మరియు విజయవాడలో నిలకడపడిన వరద అవనిగడ్డ, నాగాయలంక వైపు చేరుటకు వ్యవధి పట్టును. అచటి లంక గ్రామములలో అప్పటికి నీరు ఇంకను పెరుగుచుండవచ్చును.

బ్యారేజీ లెక్క కృష్ణానదికే గాని ప్రతి వాగునకు వర్తింపదు. 2024 సెప్టెంబరు 2వ తేదీన బ్యారేజీ వద్ద ప్రవాహము 11.43 లక్షల క్యూసెక్కులకు చేరినది. ఆ రోజులలోనే విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతమును ముంచినది బుడమేరు. నదిలో వరద తీసిన పిమ్మటను అచటి వీధులలో నీరు దినముల కొలది నిలిచినది.

సభ్యులు చేయవలసినది

'లెవెల్ ఆఫ్' అను వార్త వచ్చినప్పుడు మూడు ప్రశ్నలు వేయవలెను. ఏ చోట? ఏ లెక్క వద్ద? ఎప్పటి నుండి? వీనికి సమాధానము దొరకనిచో రెవెన్యూ, జలవనరుల శాఖల వారిని విచారింపవలెను.

గ్రామములో మైకు ద్వారా తెలుపునప్పుడు ఇంగ్లీషు మాటను వాడక, 'వరద నిలకడగా నున్నది, ఇంకను తగ్గలేదు' అని రెండు ముక్కలును చెప్పవలెను. మొదటి ముక్క మాత్రమే విన్నవారు పిల్లలతో, పశువులతో పునరావాస కేంద్రము వీడి లంకలోని యిండ్లకు మరలుదురు. తగ్గుట మొదలై, అధికారులు హెచ్చరికను ఉపసంహరించు వరకు కట్టపై కాపలాను, ఇసుక బస్తాలను, పడవలను సిద్ధముగా నుంచవలెను.

మాట యర్థము తెలిసిన సభ్యుడొక్కడు గ్రామమున నున్నచో ఆ రాత్రి కట్టపై లాంతరు ఆరదు.