నేల ఉసిరిక: దాని ఉపయోగములు, రైతులు గమనింపవలసిన జాగ్రత్తలు

తొలకరి వానలు కురిసిన కొలది దినములకు చేలగట్లమీదను, మెట్టపొలములయందును, పెరళ్లయందును తనంతట తానే మొలచు చిన్నమొక్క నేల ఉసిరిక. సంస్కృతమున దీనికి భూమ్యామలకి యని పేరు. రైతులు దీనిని కలుపుగా నెంచి పెరికి పారవేయుదురు.

గుర్తులు: ఇది జానెడు మొదలు మూరెడు వరకు పెరుగును. సన్నని రెమ్మలకు ఇరుప్రక్కల చింతాకును బోలిన చిన్న ఆకులుండును. రెమ్మల అడుగున ఆవగింజకంటె కొంచెము పెద్దవగు పచ్చని కాయలు వరుసగా నుండును. త్రుంచినపుడు పాలు కారినచో అది నేల ఉసిరిక కాదు.

వాడుక: పచ్చకామెరలకు సమూలముగా నూరి, మజ్జిగతో కలిపి పరగడుపున ఇచ్చుట పూర్వాచారము. మూత్రపు మంటకు కషాయమును, గజ్జికి ఉప్పుతో నూరిన ఆకుపట్టును వాడుదురు.

సేకరణ: కాయలు పట్టి, ఆకు పచ్చగా నుండగనే వేళ్లతో పెరికి, మన్ను పోవునట్లు కడిగి, నీడను ఆరబెట్టవలెను. కలుపుమందుగాని పురుగుమందుగాని చల్లిన చేనిలోని మొక్కను ఔషధమునకు వాడరాదు.

పరీక్షలు: 1988లో మద్రాసు వైద్యులు హెపటైటిస్-బి క్రిమి శరీరమున నిలిచియున్నవారికి ఈ మొక్క పొడిని 30 దినములిచ్చిరి. 37 మందిలో 22 మంది రక్తమున ఆ క్రిమి జాడ కనబడలేదు. కాని 1990లో థాయిలాండునందును, 1994లో న్యూజిలాండునందును జరిపిన పరీక్షలలో అట్టి ఫలము కలుగలేదు. కావున ఇది కామెరలను తప్పక మాన్పునని చెప్పుటకు వీలులేదు.

మరి పెక్కుమందికి దీనివలన నయమైనట్లు తోచుటకు కారణమేమి? కలుషితమైన నీటివలన వచ్చు కామెరలు చాలవరకు కొన్ని వారములలో వాటంతటవే తగ్గును. ఆ కీర్తి మొక్కకు దక్కుచున్నది. పిత్తనాళమున రాయి అడ్డుపడుటవలనగాని, హెపటైటిస్-బి వలనగాని కలిగిన కామెరలయందు పసరును నమ్మి కాలము పుచ్చుట ప్రాణాపాయము.

కాబట్టి కన్నులు పచ్చబడినతోడనే ఆసుపత్రికి పోయి రక్తపరీక్ష చేయించుకొనవలెను. మగత, రక్తపు వాంతి కనబడినను, రోగి గర్భిణియైనను ఒక పూటయైన ఆలస్యము కూడదు. గర్భిణులును, ఇతర మందులు వాడువారును వైద్యుని అడుగక ఈ పసరు పుచ్చుకొనరాదు. శిశువునకు పుట్టిన 24 గంటలలోపల హెపటైటిస్-బి టీకా వేయించుట ఏ మూలికకంటెను మేలైన రక్షణ.