అరువిచ్చిన గుండిగ, అద్దాల బీరువాలో విగ్రహం



పెళ్ళికి గిన్నెలు అరువిచ్చిన ఇల్లాలికి మ్యూజియం నడిపే విద్య కొత్తగా నేర్పక్కర్లేదని నా నమ్మకం. నవ్వకండి, చెబుతాను.

ఉద్దానంలో మా అత్తవారిది కొబ్బరితోటల మధ్య ఊరు. ఆ ఇంట్లో బూడితి ఇత్తడి సామాను చాలా ఉండేది. గుండిగలు, గంగాళాలు, బారు కాడ గరిటెలు. ఊళ్ళో ఎవరింట శుభకార్యమైనా ఆ సామాను వెళ్ళాల్సిందే. ప్రతి దాని అంచు మీదా మా మావగారి పేరు చెక్కించి ఉంది. అంతేనా, మా అత్తగారికి ఒక గీతల పుస్తకం ఉంది. ఎవరు పట్టుకెళ్ళారు, ఏ రోజు పట్టుకెళ్ళారు, "గుండిగలు రెండు, ఒకదానికి అడుగున సొట్ట, గరిటెలు నాలుగు, ఒకదాని కాడ వంకర" అని రాసుకునేవారు. సామాను తిరిగొచ్చాక బోర్లించి, సొట్ట ఒకటేనా రెండయ్యాయా అని చేత్తో తడిమి చూసి గాని లోపల పెట్టించేవారు కాదు.

అలాంటి ఇంట్లోంచే రెండు తాళపత్రాల కట్టలూ ఒక పూజ గంటా పోయాయి. ఎవరూ దొంగిలించలేదు, మేమే చేతులారా ఇచ్చాం. ఒక ఉత్సవంలో పాత వస్తువుల ప్రదర్శన పెడుతున్నామని ఒక పెద్దమనిషి వచ్చారు. మర్యాదస్తుడు, తెలిసినాయన. "రెండు రోజుల్లో తెచ్చిచ్చేస్తానమ్మా" అన్నారు. కాగితం అడగడం బాగుండదని ఊరుకున్నాం. నెలైంది. అడిగితే, ఇంకో చోట కూడా చూపిస్తామంటే పంపామన్నారు. తరవాత ఆయనకి బదిలీ అయింది. ఆ ఇంకో చోటు ఏదో ఈనాటికీ మాకు తెలీదు.

"గరిటెకి కాయితం రాసినాను, తాత రాసిన పుస్తకానికి రాయనేదు గదే అమ్మీ" అని మా అత్తగారు ఇప్పటికీ బాధ పడతారు. ఎనభై దాటిన మనిషి.

మిగిలింది ఒక్క కట్ట. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా పెంకులు లేచిపోయి అదీ తడిసింది. కొబ్బరిచెట్లు కూలిపోయిన ఏడుపులో దాని సంగతి ఎవరికీ పట్టలేదు. మూడో రోజున నేను చూసి నీడలో ఆరబెట్టాను. ఎండలో పెట్టకపోవడమే మంచిదైందట. తడిసిన తాటాకు ఎండకు ముడుచుకుని పగిలిపోతుంది.

ఇక ఇంట్లో వాదన మొదలైంది. విశాఖపట్నంలో ఏదైనా మ్యూజియానికి ఇచ్చేద్దామని మా వారు. "పట్నం బీరువాలో పెడితే మన పిల్లలు చూడ్డానికి మనమే టిక్కెట్టు కొనాలి. అక్కడ మాత్రం పోదని ఏటి?" అని టెక్కలి నుంచి మా ఆడపడుచు. ఇద్దరి మాటా కొట్టిపారేసేది కాదు. అందుకని అసలు మ్యూజియాల్లో ఈ ఇచ్చిపుచ్చుకోవడాలు ఎలా జరుగుతాయో ఆ పని తెలిసినవాళ్ళని అడిగి, దొరికింది చదివి తెలుసుకున్నాను. అదే మీకు చెప్పాలని.

మన వైపు వాళ్ళకి దగ్గరగా ఉన్న నగరపు మ్యూజియమంటే విశాఖపట్నం బీచి రోడ్డులోని విశాఖ మ్యూజియం. పాత డచ్చి బంగళాలో 1991 అక్టోబరులో ప్రారంభమైంది. దాన్ని చూసుకునేది నగరపాలక సంస్థ. అంటే వీధి దీపాలూ కొళాయిలూ చూసే సంస్థే కళింగాంధ్ర రాజుల కత్తులూ, పింగాణీ సామానూ, నాణేలూ కూడా చూడాలన్న మాట. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖ మీద బాంబులు వేసినప్పుడు పేలకుండా మిగిలిన బాంబు ఒకటి అక్కడుంది. పిల్లల్ని తీసుకెళ్తే ముందు దాని దగ్గరికే పరుగెడతారు.

ఆ వస్తువులు ఎవరివి? మేయరువి కావు, కమిషనరువి కావు, అధికారివీ కావు. నగర ప్రజలవి. వాళ్ళ తరపున కాపలా కాసేవాళ్ళు మారుతూంటారు. మనిషి మారినా వస్తువు మారకూడదంటే ఆధారం ఒక్కటే, రిజిస్టరు. వస్తువు లోపలికి రాగానే దానికొక నంబరు వేస్తారు. ఏమిటి, దేనితో చేసింది, కొలతలెంత, బరువెంత, ఎవరిచ్చారు, ఊరికే ఇచ్చారా అరువిచ్చారా కొన్నారా, ఎక్కడ చిట్లింది, అన్నీ రాస్తారు. ఫొటో తీస్తారు. అదే నంబరు వస్తువు మీద, చూసేవాళ్ళకి కనబడని చోట, చెరిపితే వస్తువు పాడవకుండా వచ్చేలా చిన్న అక్షరాలతో వేస్తారు. మా గుండిగ మీద మావగారి పేరు లాంటిదే. కాకపోతే వాళ్ళు చెక్కరు. చెక్కితే వస్తువుకి గాయం. ఒక అధికారి వెళ్ళి ఇంకొకరు వచ్చినప్పుడు రిజిస్టరు ముందు పెట్టుకుని ఒక్కొక్క వస్తువూ చూసి చార్జి అప్పగించుకోవాలి. ఈ పని విసుగని దాటేసిన చోటే వస్తువులు మాయమయ్యేది. ఎప్పుడు పోయిందో కూడా ఎవరూ చెప్పలేరు.

రిజిస్టరు ఎందుకు పనికొస్తుందో చూడండి. 2018 సెప్టెంబరులో హైదరాబాదు పురానీ హవేలీలోని నిజాం మ్యూజియంలో దొంగలు పడి బంగారు టిఫిను డబ్బా, కప్పూ సాసరూ, చెంచా ఎత్తుకుపోయారు. కొద్ది రోజుల్లోనే పోలీసులు పట్టుకున్నారు. ఆ దొంగల్లో ఒకడు ఆ డబ్బాలో అన్నం తిన్నాడని పేపర్లో చదివి మా ఇంట్లో అందరం నోళ్ళు నొక్కుకున్నాం. ఏం కూర తిన్నాడో! సరే, ఆ వస్తువు ఎలా ఉంటుందో ఫొటోతో సహా లోకానికంతా తెలిసిపోయాక దాన్ని అమ్ముకోవడం సులువు కాదు.

తమిళనాడులో శ్రీపురందాన్ అనే ఊరి గుడి నుంచి దొంగిలించిన నటరాజ విగ్రహాన్ని 2008లో ఆస్ట్రేలియా వాళ్ళ నేషనల్ గ్యాలరీ కొనుక్కుంది. అది గుడిలో ఉండగా పుదుచ్చేరిలోని ఫ్రెంచి సంస్థ వాళ్ళు ఎన్నో ఏళ్ళ కిందట తీసిపెట్టిన ఫొటోలు ఉన్నాయి. అవే సాక్ష్యమై 2014లో స్వామి తిరిగి వచ్చాడు. మన ఊళ్ళ గుళ్ళలో ఉత్సవ విగ్రహాలకి ఫొటోలున్నాయా అని ఈ మాట విన్నప్పటి నుంచీ అడుగుతున్నాను. దణ్ణం పెడుతూ మనం తీయించుకున్న ఫొటోలే గాని, విగ్రహానికి నాలుగు వైపులా తీసినవి ఎక్కడా కనబడలేదు.

ఇక రెండో ఫిర్యాదు, "ఇచ్చిన వస్తువు చూపించరేం, లోపల పడేశారు" అని. ఇందులో కొంత వరకు మ్యూజియం వాళ్ళ తప్పు లేదు. సాలార్‌జంగ్ మ్యూజియంలో 43,000 దాకా కళావస్తువులూ, 9,000 దాకా రాతప్రతులూ ఉన్నాయని లెక్క. అన్నీ ఒక్కసారి పరిస్తే మూసీ ఒడ్డంతా చాలదు. పైగా వెలుతురే కొన్నిటికి శత్రువు. కాగితం, బట్ట, తాటాకు లాంటి వాటి మీద 50 లక్సులు దాటి వెలుతురు పడకూడదంటారు. అందుకే ఆ గదులు మసకగా ఉంటాయి. కరెంటు పొదుపు అనుకునేదాన్ని నేను. కొన్నాళ్ళు చూపించి, కొన్నాళ్ళు చీకట్లో విశ్రాంతి ఇస్తారు. పట్టుచీర ఎప్పుడూ ఒకే మడత మీద ఉంచితే ఆ మడతలోనే చిరుగుతుందని మడత మార్చి పెడతాం కదూ, అలాంటి జాగ్రత్తే.

తేమ సంగతి మన వైపు వాళ్ళకి వేరే చెప్పాలా? మేం ఉండేది కాశీబుగ్గలో. జీడిపప్పు గాలి తగిలేలా వదిలేస్తే నాలుగు రోజుల్లో మెత్తబడుతుందని ఇక్కడ చిన్నపిల్లని అడిగినా చెబుతుంది. సముద్రం గాలిలో ఉప్పు, వానాకాలం తేమ. ఇత్తడికి చిలుము, ఇనుముకి తుప్పు, తాటాకుకి బూజు. తేమ ఎక్కువైనా చేటే, తక్కువైనా చేటే, అన్నిటికంటే పొద్దుటొకలాగా రాత్రొకలాగా మారడం మరీ చేటు. బీచి రోడ్డు మీద మ్యూజియం నడపడం మాటలు కాదు.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను, అరువు. ఒక మ్యూజియం ఇంకో మ్యూజియానికి వస్తువు ఇచ్చేటప్పుడు ముందు "మీ గది ఎలాంటిది, తాళాలెలాంటివి, నిప్పంటుకుంటే ఏం చేస్తారు, తేమ ఎంత" అని కాగితం మీద అడుగుతారు. సంతృప్తిగా ఉంటేనే ఒప్పందం. ఎన్నాళ్ళకి, ఎక్కడ పెట్టడానికి, ఖర్చెవరిది, ఫొటో తీయొచ్చా, మూడో వాళ్ళకి ఇవ్వొచ్చా, అన్నీ అందులో ఉంటాయి. ఆ మూడో వాళ్ళ షరతు ఒక్కటి మేం రాయించుకుని ఉంటే ఈవేళ ఈ ప్రసంగమే ఉండేది కాదు. బీమా కూడా ఉంటుంది, అది వస్తువుని దాని చోటు నుంచి కదిపిన క్షణం నుంచి మళ్ళీ అక్కడే పెట్టేదాకా వర్తించాలి. లారీలో ఉన్నంతసేపు ఉండి, దించేటప్పుడు లేకపోతే ఏం లాభం? దించేటప్పుడే కదా చెయ్యి జారేది.

బయల్దేరే ముందు వస్తువుని అంగుళం అంగుళం చూసి, ఏ మూల గీత ఉందో, ఎక్కడ పెచ్చు ఊడిందో రాసి ఫొటోలతో జతచేస్తారు. అక్కడ చేరాక పెట్టె విప్పి, ఆ కాగితంతో సరిచూసి ఇద్దరూ సంతకం పెడతారు. మళ్ళీ తిరుగు ప్రయాణానికి ముందు ఒకసారి, ఇంటికి చేరాక ఒకసారి. మా అత్తగారు గుండిగ బోర్లించి తడమడమే ఇది. విలువైన వాటితో మ్యూజియం మనిషి ఒకరు తోడు వెళతారు, ఆడపిల్లని అత్తారింట దిగబెట్టినట్టు. అంత దూరం వెళ్ళినా పెట్టె వెంటనే విప్పరు. లోపలి గాలి, ఆ గది గాలి ఒకటయ్యేదాకా ఒక రోజైనా ఆగుతారు.

ఇలాగే 2023లో మన రాళ్ళు అమెరికా వెళ్ళొచ్చాయి. న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియంలో జులై నుంచి నవంబరు దాకా తొలినాటి బౌద్ధ శిల్పాల ప్రదర్శన జరిగింది. తెలంగాణలోని ఫణిగిరి శిల్పాలు అక్కడికి అరువు మీద వెళ్ళినవే.

అన్నీ పంపరు. బుద్ధుడి ధాతువులుగా భావించే కపిలవస్తు అవశేషాలు 'ఏఏ' అనే వర్గంలో ఉన్నాయి, సున్నితమైనవి గనక ప్రదర్శనకు బయటికి పంపకూడనివి. 2022లో మంగోలియాకి పదకొండు రోజులు పంపినప్పుడు ప్రత్యేకమని మినహాయింపు ఇచ్చారు. పాట్నా దగ్గర దొరికిన దీదార్‌గంజ్ యక్షి విగ్రహం భారత ఉత్సవాల ప్రయాణంలో దెబ్బ తిన్నది. అప్పటినుంచి దాన్ని విదేశాలకు పంపకూడదని నిశ్చయించారు.

వెళ్ళినవన్నీ అరువు మీద వెళ్ళినవీ కావు. అమరావతి శిల్పాలు వాల్టర్ ఇలియట్ 1845లో తవ్విస్తే మద్రాసు చేరాయి, అక్కడినుంచి చాలా భాగం ఓడెక్కి లండను వెళ్ళాయి. ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. దేశం మనది కాని రోజుల్లో మన్ని అడిగిందెవరు? తిరిగిమ్మంటే వాళ్ళ 1963 నాటి చట్టం ఒప్పుకోదంటారు. చట్టం చేసుకున్నదీ వాళ్ళే.

ఎక్కడిదక్కడే ఉంచడం కూడా ఒక పద్ధతి. కళింగపట్నం దగ్గర వంశధార ఒడ్డున శాలిహుండం బౌద్ధ క్షేత్రాన్ని 1919లో గుర్తించింది మన గిడుగు రామమూర్తి పంతులు గారు. వాడుక భాష కోసం పోరాడిన ఆయనే. అక్కడ దొరికిన విగ్రహాల్లో కొన్ని అక్కడే చిన్న మ్యూజియంలో ఉన్నాయి. కొండ ఎక్కి స్తూపం చూసి, దిగి విగ్రహం చూస్తే ఆ రెండూ ఒకటిగా అర్థమవుతాయి. పిక్నిక్‌కి వెళ్ళి పులిహోర తిని తిరిగొచ్చేవాళ్ళు ఆ గదిలోకి కూడా ఒకసారి తొంగి చూడండి.

నుయ్యి తవ్వినప్పుడో పునాది తీసినప్పుడో విగ్రహం, నాణేల కుండ దొరికితే మాత్రం అరువూ దానమూ ప్రసక్తి లేదు. 1878 నాటి చట్టం ప్రకారం పది రూపాయలు మించిన విలువ ఉంటే కలెక్టరుకి తెలియజేయాలి. నూరేళ్ళు దాటిన విగ్రహాలు వంటివీ, డెబ్బై అయిదేళ్ళు దాటిన విలువైన రాతప్రతులూ 1972 చట్టం కిందికి వస్తాయి. వాటిని దేశం దాటించడం మన చేతిలో లేదు. అమెరికా మనవడికి కానుకగా పెట్టెలో పెట్టేముందు ఇది గుర్తుంచుకోండి.

సరే, మా తాళపత్రాల మాట. ఊరికే ఇవ్వడం వేరు, అరువివ్వడం వేరు అని తెలిశాక మా ఇంట్లో వాదన సగం తగ్గింది. ఊరికే ఇస్తే ఇక మనది కాదు, చూపించినా లోపల పెట్టినా వాళ్ళిష్టం. "శాశ్వతంగా అరువు" అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి, అది రెండు పడవల మీద కాళ్ళు. గడువు రాయాలి. ఆంధ్ర విశ్వవిద్యాలయం గ్రంథాలయంలో కూడా తాళపత్రాలున్నాయి, అక్కడా అడుగుదామనుకున్నాం. కట్టను ముందు శుభ్రం చేయించి ఫొటోలు తీయించాలి. నిమ్మగడ్డి నూనె రాయడం, దీపపు మసి పూసి అక్షరాలు తేల్చడం చేతనైనవాళ్ళ పని, నేను వేలు పెట్టను. ఆ తరవాత మూడేళ్ళ గడువుతో అరువు. ఫొటోల ప్రతి ఒకటి టెక్కలిలో, ఒకటి మా ఇంట్లో. "రశీదు మాత్రం అమ్మ పేర రాయించాలొదినా" అంది మా ఆడపడుచు. అదే షరతు మీద ఒప్పుకుంది.

వచ్చే నెల ఇద్దరం పలాసలో రైలెక్కుతాం. నిన్న మా అత్తగారు గీతల పుస్తకం తీయించి, కళ్ళద్దాలు పెట్టుకుని, గుండిగల పేజీ వెనకాలే నా చేత రాయించారు. తాటాకు కట్ట ఒకటి. ఆకులు డెబ్బై రెండు. పదకొండో ఆకు కుడి మూల విరిగింది. చివరి నాలుగాకులకి నీటి మరక. పై చెక్కలు రెండు, తాడు కొత్తది.