గెలవగలడు... కానీ గెలవకూడదు!

2002 మే 12. ఆస్ట్రియా గ్రాండ్‌ప్రి. ఆఖరి ల్యాప్‌లో అందరికన్నా ముందున్నది రూబెన్స్ బారిచెల్లో. చివరి మలుపూ తిరిగాడు. ఎదురుగా ఫినిషింగ్ లైన్. అంతే... ఉన్నట్టుండి వేగం తగ్గించాడు! వెనకే వస్తున్న మైకేల్ షుమాకర్ దూసుకెళ్లి గెలిచేశాడు. ఇద్దరిదీ ఒకే జట్టు, ఫెరారీ. దారి ఇవ్వమని చెప్పిందీ ఆ జట్టే. ప్రేక్షకులు గోలగోల చేశారు. షుమాకర్ తన మెట్టు మీదికి బారిచెల్లోను ఎక్కించి, ట్రోఫీ అతని చేతికిచ్చాడు. పోడియం మర్యాద తప్పారంటూ జట్టుకీ డ్రైవర్లకీ కలిపి 10 లక్షల డాలర్ల జరిమానా పడింది. అందులో సగం వాయిదా వేశారు.

మరి ఇలాంటి మేటి జట్టు రెండో డ్రైవర్‌ని ఏం చూసి తీసుకుంటుంది?

మొదట చూసేది వేగమే. ఫార్ములావన్‌లో జట్టుకు రెండు కార్లు. డ్రైవర్ల టైటిల్‌తోపాటు జట్ల టైటిల్ కూడా ఉంటుంది. దానికి రెండు కార్ల పాయింట్లూ కలుపుతారు. పైగా అసలువాడికి ఏమైనా అయితే ఆదుకోవాలి. 1999లో సిల్వర్‌స్టోన్‌లో షుమాకర్ కాలు విరిగితే, ఎడ్డీ ఇర్విన్ ఆ భారం భుజానికెత్తుకున్నాడు. డ్రైవర్ల టైటిల్ 2 పాయింట్ల తేడాతో చేజారినా, జట్టు టైటిల్ 16 ఏళ్ల తర్వాత ఫెరారీకి దక్కింది.

అలాగని మరీ సమఉజ్జీ అయితే తంటా. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు కదా! 1988లో సెనా, ప్రోస్ట్ జోడీతో మెక్‌లారెన్ 16 రేసుల్లో 15 గెలిచింది. మరుసటి ఏడాది జపాన్‌లో ఆ ఇద్దరి కార్లే ఢీకొన్నాయి. ఆ సీజన్ అయ్యాక ప్రోస్ట్ ఫెరారీకి వెళ్లిపోయాడు.

అందుకే జట్లు మధ్యస్థంగా ఉండేవాణ్ని వెతుకుతాయి. గెలవగలగాలి, చెబితే తగ్గగలగాలి. ఇర్విన్ స్థానంలో 2000లో ఫెరారీ తెచ్చుకున్న బారిచెల్లో స్టివార్ట్ అనే చిన్న జట్టులో సత్తా చూపినవాడు. ఆ ఏడాదే హాకెన్‌హైమ్‌లో 18వ స్థానం నుంచి బయల్దేరి తొలి విజయం అందుకున్నాడు. 2002, 2004 సీజన్లలో షుమాకర్ తర్వాతి స్థానం అతనిదే. ప్రపంచ టైటిల్ మాత్రం ఏనాడూ దక్కలేదు. 2005 తర్వాత ఫెరారీని వదిలేశాడు.

ఆస్ట్రియా గొడవతో 2003 నుంచి జట్టు ఆదేశాలను నిషేధించారు. 2011లో ఆ నిషేధం ఎత్తేశారు.

అసలు ఆ రోజు దారి ఇవ్వాల్సిన అవసరమేముంది? ఏడాది చివర్లో షుమాకర్‌కి 144 పాయింట్లు, బారిచెల్లోకి 77. ఆ ఒక్క రేసు అతనికే వదిలేసినా టైటిల్ ఎక్కడికీ పోయేది కాదు. రికార్డుల్లో మాత్రం ఇప్పటికీ షుమాకరే విజేత. 0.182 సెకన్ల తేడాతో బారిచెల్లో... రెండోవాడు!